మెత్తాయనా, ఒరిగిన పట్టీలూ

చరిత్రలో నిలిచిపోయే ఘట్టాలని అవి జరిగిన రోజున ఎవరూ గుర్తించరు. ఆయన ఆ కట్టడాల కంపెనీలో ప్రోగ్రామరుగా చేరిన మొదటి ఉదయం అలాంటిదే. చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మరీ పల్లంగా ఉంది. బల్ల అంచు ఇంచుమించు గడ్డానికి తగులుతోంది. కుర్చీ కింద కుడివైపు ఒక మీట ఉంది. దాన్ని పైకి లాగితే సీటు లేస్తుందని కుర్చీ ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. ఆయన వంగి ఆ మీటని చూశాడు. పొరుగు రాజ్యపు సరిహద్దు రాయిని చూసినట్టు, గౌరవంగా, కాస్త దూరం నుంచి చూశాడు. ఆ రోజంతా గడ్డం బల్లకి ఆనించుకునే పనిచేసి, మర్నాడు ఇంటి నుంచి ఒక మెత్త తెచ్చి వేసుకున్నాడు.

మీట ఎందుకు లాగలేదని అడిగిన వాళ్ళకి ఆయన ఓపికగా చెప్పేవాడు. కుర్చీని ఎవరో ఆ ఎత్తున పెట్టారు. ఏదో కారణం ఉండే పెట్టి ఉంటారు. ఆ కారణం మనకి తెలియదు. తెలియని కారణాన్ని చెడగొట్టే హక్కు మనకెక్కడిది? మెత్త సంగతి వేరు. కావాలంటే వేసుకుంటాం, అక్కర్లేకపోతే తీసేస్తాం. మనం వచ్చి కూర్చున్నట్టు కుర్చీకి తెలియను కూడా తెలియదు. ఈ సిద్ధాంతం విన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ వారం గడిచేసరికి ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ మెత్తాయన అయిపోయాడు.

ఇంట్లోనూ అదే పరిపాలన. వంటింటి కుళాయి నీళ్ళు సింకు అంచు మీద పడుతుంటే ఆయన కుళాయిని మార్చలేదు, దాని మూతికో గొట్టం తొడిగాడు. ముందుగదిలో గోడ గడియారం తొందరపడి నడుస్తుంటే దాని ముళ్ళు ముట్టుకోలేదు, పక్కన ఇంకో గడియారం తగిలించాడు. వచ్చిన వాళ్ళు రెండింటినీ మార్చి మార్చి చూసి, ఏ ఊరి టైమో అడగడానికి మొహమాటపడి ఊరుకునేవారు.

ఇలాంటి మనిషికి భార్య పాత బట్టలు సరిచేసి కుట్టే దర్జీ కావడం విధి చేసే పరిహాసాల్లో ఒకటి. ఆవిడ మిషను ఆ ముందుగదిలోనే, ఆ రెండు గడియారాల కిందే. బిగుతైన నడుములు వదులు చెయ్యడం, పొడుగు చేతులు పొట్టి చెయ్యడం ఆవిడ పని. ఏ బట్ట వచ్చినా ముందు కత్తెర మొనతో కుట్లు విప్పేస్తుంది. మొదట ఎవరు కుట్టారు, ఏ ఉద్దేశంతో కుట్టారు అన్న చింత ఆవిడకి ఏ కోశానా లేదు. విప్పి కుట్టాల్సిన దాన్ని విప్పే కుట్టాలనీ, పైన ఇంకో గుడ్డ వేస్తే దాన్ని అతుకంటారే తప్ప కుట్టు అనరనీ ఆవిడ మతం. ఒకే కప్పు కింద రెండు మతాలూ కలహం లేకుండా కాపురం చేస్తున్నాయి. కుట్టే గదిలో ఆయన నోరెత్తడు. ఆయన కోడు ఆవిడ చదవదు.

ఇక ఆయన ఉద్యోగం సంగతి. అది పర్మనెంటు కాదు. మేనేజరు మొదటే తేల్చి చెప్పాడు: కంపెనీలో జరిగే పనులన్నీ తెర మీద పట్టీల్లా కనిపించే పేజీ ఒకటి తయారు చెయ్యాలి, ప్లానింగ్ మేడమ్ దాన్ని చూసి, ఇక నా గోడ బోర్డు తీసెయ్యండి అనాలి. ఆవిడ అంటే ఉద్యోగం ఖాయం. అనకపోతే ఇంత కాలం మాతో పనిచేసినందుకు సంతోషం అని చెప్పి పంపించేస్తారు. మెత్తాయనది ఇంకో చోట ఇంటర్వ్యూకి వెళితే, గేటు దగ్గర మనిషి ‘లోపల ఉన్నది మీ అబ్బాయా సార్?’ అని అడిగే వయసు. కాబట్టి ఆ ఒక్క మాట మీదే ఇంటిల్లిపాదీ ఆధారపడి ఉన్నారని ఆయనకి తెలుసు, భార్యకి తెలుసు, చదువుకుంటున్న కూతురికీ తెలుసు.

ప్లానింగ్ మేడమ్ బోర్డు గురించి కొంత చెప్పాలి. ఆవిడ గదిలో ఒక గోడ పొడుగునా మెత్తటి అట్టబోర్డు. పైన తేదీలు. కింద వరసలుగా రంగు అట్ట పట్టీలు, ఒక్కో పనికి ఒక్కో పట్టీ, రెండు కొసలా రెండు పిన్నులు. సెంట్రింగు పచ్చ, ఇటుకపని ఎరుపు, ప్లాస్టరింగు పసుపు, రంగులు నీలం. పట్టీ ఎక్కడ మొదలైతే పని ఆ రోజున మొదలు, ఎక్కడ ఆగితే ఆ రోజుకి పూర్తి. ఇంతవరకూ లోకమంతా చేసేదే. ఆవిడది అనదగ్గది ఒకటుంది. ఏ కాంట్రాక్టరైనా వచ్చి ‘అయిపోవచ్చింది మేడమ్’ అని, ఆవిడ కళ్ళారా చూడకముందే వెళ్ళిపోతే, ఆవిడ లేచి ఆ పట్టీ కుడి కొస పిన్ను పీకి, కాస్త పైకి గుచ్చేది. పట్టీ ఏటవాలుగా నిలబడేది. ‘వీళ్ళు చెప్పారు, నేను నమ్మలేదు’ అని దానర్థం. తేదీ మారదు, రంగు మారదు. అనుమానం మాత్రం గోడకెక్కుతుంది.

ఆ ఏటవాలు వల్ల జరిగే పరువు నష్టం ఇంతా అంతా కాదు. ఒకసారి రంగుల కాంట్రాక్టరు గదిలోకి వచ్చి, తలుపు దగ్గరకి వేసి, ఆవిడని గొంతు తగ్గించి బతిమాలాడు.

“రేపు మా బావమరిది వస్తున్నాడు మేడమ్. వాడు చూసి వెళ్ళేదాకా నా పట్టీ కాస్త తిన్నగా పెట్టండి. తర్వాత మీ ఇష్టం, నిలువునా నిలబెట్టినా అడగను.”

పెట్టలేదు. ఆవిడ అనుమానాలు అన్నీ నిజమయ్యేవని కాదు. సగానికి సగం ఆవిడే సైటుకి వెళ్ళి చూసుకుని, నోరు మూసుకుని తిరిగొచ్చి, పట్టీలు తిన్నగా సర్దుకునేది. అయినా ఆ ఒరుగు లేని బోర్డు ఆవిడకి బోర్డే కాదు. మెత్తాయన మొదటిసారి తన పేజీ చూపించినప్పుడు ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అంతా చూసింది. తరువాత ఒకే ప్రశ్న అడిగింది.

“మీ పట్టీ ఒరుగుతుందా?”

“ఒరగదండీ.”

“ఒరిగినప్పుడు చెప్పండి.”

పట్టీ ఒరగకపోవడానికి కారణం ఉంది. ఆ పేజీలోని చార్టు మెత్తాయన రాసింది కాదు. పనుల పట్టీలు గీసే ఇలాంటి చార్టుని ఈ వృత్తిలో గాంట్ చార్టు అంటారు. జావాస్క్రిప్టులో రాసినవి రెడీమేడుగా దొరుకుతాయి. కంపెనీ ఒకటి కొనిపెట్టింది. దాన్ని ఎక్కడో ఎవరో, మనం చూడని వాళ్ళు, భాగాలుగా రాశారు. పట్టీని గీసే భాగం ఒకటి, తేదీలని లెక్కగట్టే భాగం ఒకటి, పట్టీని పట్టి లాగితే కదిలించే భాగం ఇంకొకటి. ఇలాంటి భాగాన్ని క్లాసు అంటారు. మనకి కావలసింది అందులో లేకపోతే దారులు రెండు. ఒకటి, ఆ క్లాసు ఉన్న ఫైలు తెరిచి లోపల మార్చెయ్యడం. రెండోది, దాన్ని ముట్టుకోకుండా దానికో పిల్ల క్లాసుని పుట్టించడం. తండ్రికి తెలిసిందంతా పిల్లకి పుట్టుకతోనే వస్తుంది. తండ్రి చేసే పనుల్లో నచ్చని పని ఏదైనా ఉంటే, ఆ ఒక్కటీ పిల్ల తన పద్ధతిలో చేసుకుంటుంది. మిగతావన్నీ తండ్రి చేసినట్టే. పైగా పుట్టగానే పిల్ల ముందుగా తండ్రిని పిలిచి, ఆయన చెయ్యాల్సింది చేశాకే తన పనికి దిగాలి. ఈ మర్యాద తప్పితే ప్రోగ్రాము అక్కడికక్కడే మొరాయిస్తుంది. ఇళ్ళల్లో ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు ఇంకా రాలేదు.

మెత్తాయన ఏ దారి పట్టాడో చెప్పనక్కర్లేదు. ఆయన పక్కసీటు మనిషికి మాత్రం అది మింగుడుపడలేదు. ఆ పక్కసీటు మనిషి ఎవరికీ బావ కాకపోయినా ఆఫీసులో అందరినీ బావా అంటాడు, అందరూ అతన్ని బావా అంటారు. ఎక్కడ అవసరమైతే అక్కడ చెయ్యిపెట్టి మార్చేసి, చేతులు దులుపుకుని టీకి వెళ్ళే రకం. లోపలికెళ్ళి గీసే చోట కాస్త వంచితే అయిపోయేదానికి ఈ పిల్లలెందుకు, పురుళ్ళెందుకు అని అతని వాదం. చార్టు చేసినవాళ్ళు రేపు కొత్త వెర్షను పంపిస్తే లోపల మార్చినవన్నీ గంగలో కలుస్తాయనీ, బయట రాసుకున్నవి నిలుస్తాయనీ మెత్తాయన జవాబు. వృత్తిలో పెద్దలంతా ఒప్పుకునే మాటే అది. కానీ వృత్తిలో పెద్దలు కుర్చీ మీట కూడా లాగుతారని బావ గుర్తుచేశాడు.

మెత్తాయన పట్టీ క్లాసుకి ఒక పిల్లని పుట్టించాడు. అది ముందు తండ్రిని పిలిచి పట్టీ గీయించుకుంటుంది; తరువాత అనుమానం గుర్తు ఉందా అని చూసుకుని, ఉంటే ఎడమ కొస కదలకుండా పట్టుకుని కుడి కొసని పైకెత్తుతుంది. పట్టీని మౌసుతో పట్టుకునే క్లాసుకి ఒక పిల్ల, దాని మీద రెండుసార్లు నొక్కితే ఒరగడానికి ఒక పిల్ల. ఫైళ్ళకి చక్కటి పేర్లు పెట్టి, ఒక ఫోల్డర్లో వరసగా కూర్చోబెట్టాడు. అసలు చార్టు ఫైలు ఒక్కసారి కూడా తెరవలేదు. మేడమ్ వచ్చి ఒక పసుపు పట్టీ మీద రెండుసార్లు నొక్కింది. అది మెల్లగా ఒరిగింది. ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు. కానీ ఇంకో నాలుగు పట్టీలు ఒరిగించి చూసుకుని గానీ వెళ్ళలేదు. ప్రస్తుతం కడుతున్న ఆరంతస్తుల కట్టడాన్ని కొన్నాళ్ళు బోర్డు మీదా, పేజీ మీదా కూడా నడిపి చూద్దామంది. నెలాఖరు సమావేశంలో చెబుతానంది.

అక్కణ్ణించి వింత మొదలైంది. పేజీలో కట్టడం పూర్తయ్యే తేదీ రోజురోజుకీ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మేనేజరు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కొత్త పద్ధతి వచ్చాక పనివాళ్ళలో చురుకు పెరిగిందని పైవాళ్ళకి చెప్పాడు, పైవాళ్ళు ఇంకా పైవాళ్ళకి చెప్పారు. మెత్తాయన కూడా మొదట సంతోషించాడు. ఎందుకు సంతోషిస్తున్నాడో ఆయనకి సరిగా తెలియకపోయినా, ఇంటికి వెళ్ళి భార్యతో ‘ఉద్యోగం ఖాయమైనట్టే ఉంది’ అన్నాడు. ఆవిడ పళ్ళ మధ్య దారం కొరుకుతూ ‘ఉన్నట్టా, అయినట్టా?’ అంది.

సమావేశానికి ముందురోజు పొద్దున రంగులవాళ్ళు నిచ్చెనలూ డబ్బాలూ మోసుకుని మూడో అంతస్తు ఎక్కారు. పేజీ రమ్మన్న రోజుకే వచ్చారు. అక్కడ గోడలకి ప్లాస్టరింగు కాలేదు. ఇటుకలు పళ్ళికిలించి చూస్తున్నాయి. రంగుల కాంట్రాక్టరు ఇటుకల ముందు నిలబడి మేడమ్‌కి ఫోను చేశాడు. జీవితంలో మొదటిసారి చెప్పిన రోజుకి వచ్చానని, వస్తే ఇదీ మర్యాద అని, ఇక ముందు ఎవరైనా తనని ఆలస్యం అంటే ఊరుకోనని చాలా సేపు చెప్పాడు. మేడమ్ ఫోను పెట్టేసి, తన గది నుంచి ప్రోగ్రామర్ల గదికి మొదటిసారి నడిచి వచ్చింది. మెత్తాయన లేచి నిలబడ్డాడు. ఆవిడ కూర్చోమనలేదు.

“ప్లాస్టరింగు కాలేదని నేను అనుమానించానండీ. పట్టీ ఒరిగించాను కూడా. మీ చార్టు ఏం చేసిందో తెలుసా? నా కన్నా ముందు నమ్మేసింది.”

“తేదీ మారకూడదే మేడమ్.”

“మారింది. ఎంత ఒరిగిస్తే అంత ముందుకొస్తోంది. ఇంకాస్త గట్టిగా అనుమానిస్తే కట్టడం నిన్ననే అయిపోయేట్టుంది. రేపు సమావేశంలో నేను ఏం చెప్పాలో మీరే చెప్పండి.”

ఆవిడ వెళ్ళాక బావ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మెత్తాయన సొరుగులోంచి స్కేలు తీసి బల్ల మీద పడుకోబెట్టాడు. తరువాత ఒక కొస పైకెత్తాడు. పైకెత్తిన కొస, పడుకున్నప్పుడు ఆనిన చోటుకి కాస్త వెనకే గాలిలో ఆగింది. జరిగింది అదే. పని ఎప్పటికి పూర్తవుతుందో చార్టు విడిగా గుర్తుపెట్టుకోవడం లేదు. గీసిన పట్టీ కుడి కొస ఏ తేదీ కింద ఉంటే ఆ తేదీ చదువుకుంటోంది. పట్టీ ఒరిగితే కొస వెనక్కి వస్తుంది; తేదీ ముందుకి వస్తుంది; దాని వెనకాల కట్టిన పనులన్నీ రైలు పెట్టెల్లా దానితో పాటు జరుగుతాయి. ఎక్కువ అనుమానం ఉన్న పనే ఎక్కువ తొందరగా పూర్తవుతోంది. కొన్ని దేశాల పరిపాలన కూడా ఇలాగే నడుస్తుందంటారు గానీ అది వేరే విషయం.

లోపం తెలిసింది కదా, తేదీ చదివే క్లాసుకి ఇంకో పిల్లని పుట్టిస్తే సరి అనుకున్నాడు మెత్తాయన. పుట్టించాడు. పిల్ల పుట్టింది గానీ దాని మాట చెల్లలేదు. ఆ తేదీ చదివే పనిని చార్టు రాసినవాళ్ళు తండ్రి పెట్టెలో పెట్టి తాళం వేశారు. పిల్లలకి కనపడదు, అందదు, మార్చుకునే వీల్లేదు. అది ఉన్నది ఒకే ఒక్క లైనులో, అసలు ఫైల్లో. బావ కుర్చీలో వెనక్కి వాలాడు.

“తెరువు బావా. ఒక్క లైనే. ఎవరూ చూడరు.”

మెత్తాయన ఆ ఫైలు తెరిచాడు. చార్టు వచ్చాక అదే మొదటిసారి. ఆ లైను దొరికింది. దాని పైన, రాసినవాళ్ళెవరో తమలో తాము చెప్పుకున్నట్టు ఒక మాట రాసి పెట్టుకున్నారు: ‘ఇది ఇలాగే ఉండాలి. ఎందుకో చెప్పాలంటే చాలా ఉంది.’ ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. కుర్చీలకి కూడా ఇలా రాసి పెడితే ఎంత బాగుండును అనుకున్నాడు కాబోలు. చెయ్యి కీబోర్డు మీద పెట్టాడు, తీశాడు, పెట్టాడు, తీశాడు. బావ విసుగెత్తి టీకి పోయాడు. ఆయన ఏమీ మార్చకుండానే ఫైలు మూసి, వేళకి ఇంటికి వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర జరిగినదంతా చెప్పాడు. ఆవిడ వింటూనే ఎవరిదో కోటు చంక కుట్లు విప్పుతోంది. ఆ ఒక్క లైనూ మారిస్తే రేపటికి పని జరుగుతుందా అని అడిగింది. జరుగుతుందన్నాడు. మార్చకపోతే? రేపటితో సరి అన్నాడు. ఆవిడ కత్తెర పక్కన పెట్టింది.

“ఇన్నేళ్ళలో నేను మిమ్మల్ని ఒక్కటి అడగలేదు. కుళాయికి గొట్టం కడితే ఊరుకున్నాను. నా నెత్తిమీద రెండు గడియారాలు పెడితే ఊరుకున్నాను. రేపు మాత్రం విప్పి కుట్టండి. ఆ రాసినాయన మనింటికి బియ్యం పంపడు.”

కూతురు తలెత్తకుండా ‘నాన్నా, అమ్మ చెప్పింది విను’ అంది. ఆ ఇంట్లో ఓటింగు జరిగితే ఫలితం ఎప్పుడూ ఇలాగే వచ్చేది.

మర్నాడు ఆయన ఫైలు తెరవలేదు. ఓటింగుని ధిక్కరించాలని కాదు. ఆఫీసు మెట్లెక్కుతుండగా ఆయనకి వేరే దారి కనిపించింది. అసలు పట్టీని ఒరిగించాలని ఎవరన్నారు? అది తిన్నగా, ఎప్పటిలాగే, తండ్రి గీసినట్టే ఉంటుంది; కాకపోతే కంటికి కనపడకుండా, గాజులా ఉంటుంది. దాని మీద అచ్చం అలాంటిదే ఉత్తుత్తి పట్టీ ఒకటి వేసి, దాన్ని ఎంత కావాలంటే అంత ఒరిగించుకోవచ్చు. మనుషులు ఒరిగినదాన్ని చూస్తారు. చార్టు తిన్నగా ఉన్నదాన్ని చదువుకుంటుంది. ఎవరి నమ్మకం వాళ్ళది. పిల్ల క్లాసులో కాసిని లైన్లు చేర్చాడు. తేదీలు కదల్లేదు. ఎన్నిసార్లు ఒరిగించినా కదల్లేదు. ఇంటికి ఫోను చేసి చెప్పాడు. ఆవిడ అంతా విని ‘అయితే మళ్ళీ మెత్తే వేశారన్నమాట’ అని పెట్టేసింది. మిషను చప్పుడు మాత్రం ఫోనులో ఆయనకి కాస్త హుషారుగా వినిపించింది.

సమావేశంలో నలుగురు కూర్చున్నారు: మేనేజరు, మేడమ్, బావ, మెత్తాయన. మేనేజరు ముఖం చిన్నబోయి ఉంది. కట్టడం మళ్ళీ పాత తేదీకి వెనక్కిపోవడం ఆయన ఇంకా జీర్ణించుకోలేదు. మెత్తాయన ఉపన్యాసం తయారు చేసుకొచ్చాడు. పట్టీ ఎందుకు రెండుగా ఉందో, తండ్రి ఫైలు ఎందుకు చెక్కుచెదరలేదో, కొత్త వెర్షను వచ్చినా ఇది ఎలా నిలుస్తుందో వరసగా చెప్పాలని ఆయన ఉద్దేశం. గొంతు సవరించుకున్నాడు. మేడమ్ చెయ్యెత్తి ఆపి, మౌసు తన వైపు లాక్కుని, ఒక పట్టీ ఒరిగించి, తేదీ వైపు ఒక చూపు చూసింది.

“సరే. ఇక నా బోర్డు తీసెయ్యండి.”

మేనేజరు నిజమేనా అని అడిగాడు. ఆవిడ నిజమే అంది. పట్టీ ఎంతవరకు ఒరుగుతుందో, తేదీ ఎందుకు కదలదో ఆవిడ అడగలేదు. ఉద్యోగం ఖాయం చేస్తూ మేనేజరు అక్కడే కాగితం మీద సంతకం పెట్టాడు. బావ బల్ల కింద నుంచి మెత్తాయన మోకాలు మీద చరిచాడు. ఆ మధ్యాహ్నం ఆఫీసులో నలుగురైదుగురు వచ్చి ఆయన చెయ్యి ఊపి వెళ్ళారు. ఎవరు రాసినదీ చెడగొట్టకుండా కూడా ఒక మనిషి గెలవొచ్చని బావ వచ్చిన ప్రతి ఒక్కరికీ, పక్కనుండి చూసినవాడిగా, వివరించాడు. మెత్తాయన ఆ మాట ఖండించలేదు.

టీ వేళకి ఇద్దరు పనివాళ్ళు వచ్చి మేడమ్ గదిలో బోర్డు ఊడదీశారు. వెనక గోడంతా నల్లగా నాని ఉంది. అట్ట ఉబ్బి, పిన్నులు నిలవక, రెండు వారాలుగా పట్టీలన్నీ వాటంతట అవే ఒరిగిపోతున్నాయట; ఏది తను ఒరిగించిందో, ఏది చెమ్మ ఒరిగించిందో మేడమ్‌కే తెలియకుండా పోయిందట; పేజీ ఉన్నా లేకపోయినా ఆ బోర్డు తీయించక తప్పేది కాదట. పై అంతస్తులో చేతులు కడుక్కునే తొట్టి కింద పైపు కారుతోంది.